దొరిందా, చెప్పులు విప్పకుండా లోపలికి రా

దొరిందా, లేసు అల్లే దిండు ఒళ్ళోంచి జారిపడి గుండుసూదులు గదంతా చిందాయి. కనబడినన్ని ఏరాను గానీ బల్ల కింద ఇంకా ఉంటాయి. దారం కండెలు చిక్కుపడ్డాయి, వాటి జోలికి వెళ్ళకు. నేనొచ్చి విప్పుకుంటాను.

పొయ్యి మీద క్యాబేజీ చారు ఉంది, వేడిచేసుకుని తిను. నేను పదింటి బస్సుకు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. కంగారుపడకు, సూది దిగింది చేతి బొటనవేల్లోకే.

నీ మనవరాలి బాప్తిస్మానికి అల్లుతున్న టోపీ మీద రక్తం పడింది. ఎవరి రక్తానికి వాళ్ళ ఉమ్మే మందు అని అమ్మ అనేది కదా, అలాగే తుడిచాను. మరక ఇంకా కనిపిస్తోంది. వేడినీళ్ళు మాత్రం పోయకు, పట్టేస్తుంది.

నిన్న కమరీన్యాస్ రేవులో ఆడవాళ్ళందరి ముందూ, "మా అక్క లేసు ఈమధ్య వలలా తయారైందే, కవళ్ళ చేపలు పట్టుకోవచ్చు" అన్నావు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక టోపీని దీపం దగ్గర పెట్టి చూసుకున్నాను.

అక్క

డాక్టరుకంటే ముందు నీకే చెప్పాలి. సూది సగందాకా దిగినా నాకు తెలియలేదు. టోపీ మీద ఎర్రగా కనబడితే ఈ రక్తం ఎక్కడిదా అని చుట్టూ చూశాను. నా చెయ్యి చూసుకుని అదిరిపడితేనే దిండు జారింది. నొప్పి లేదు దొరిందా. చలికాలం నుంచీ ఈ మూడు వేళ్ళకూ దారం తగులుతోందో లేదో తెలియడం లేదు. సాయంత్రం బస్సు వేళకు రోడ్డు మీదికి రా.