గుర్రాల కొట్టం గోడ మీద మూడు గీతలు

మార్చి 3

పాత బంగళా వెనక గుర్రాల కొట్టాన్ని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డు తీసేశాం. కొట్టం పడమటి గోడ మొత్తం బయటపడింది. చూసి తల పట్టుకున్నాను. సున్నపు గోడ మీద ఎవరో మహానుభావుడు దిట్టంగా సిమెంటు పూశాడు. చెమ్మ బయటికి రాలేక లోపలి ఇటుక పిండి పిండి అయిపోయింది. వానలు పడేలోపు బాగుచెయ్యకపోతే గోడ కూలుతుంది. దాంతోపాటే నా సూపర్‌వైజర్ ఉద్యోగమూ కూలుతుంది.

పురావస్తు శాఖ మేడమ్ వచ్చి చూశారు. ఇది మరమ్మతు కాదు, హత్య అన్నారు. ఎవడు చేశాడో కనుక్కుని రిపోర్ట్‌లో పేరుతో సహా రాయమన్నారు.

మార్చి 4

సున్నం పని తెలిసిన మేస్త్రీ ఊరంతటికీ ఒక్కడే మిగిలాడు. మా నాన్న. మోకాళ్ల నొప్పులంటూ మూడేళ్లుగా తాపీ ముట్టనివాడు, కొట్టం గోడ అనగానే లేచి చొక్కా వేసుకున్నాడు.

మార్చి 5, ఉదయం 6:30

అమ్మ వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో చెప్పింది. ఆ సిమెంటు పూసింది మీ నాన్నేనే, నువ్వు కడుపులో ఉన్నప్పుడు, ఆయనకి గుర్తులేనట్టుంది, నువ్వు మాత్రం నోరెత్తకు అంది.

రిపోర్ట్ ఫైలు సంచీ అడుక్కి తోసేశాను.

మార్చి 7

నాన్న ఉలి పెట్టి సిమెంటు రాలగొడుతున్నాడు. దెబ్బకో తిట్టు. ఈ పని చేసినవాడి చేతులు విరగ్గొట్టాలట. అసలు వాడికి పని నేర్పిన గురువుని అనాలట. (ఆ గురువు అమ్మ వాళ్ల నాన్న.) మేడమ్‌కి ఈ తిట్లు తెగ నచ్చాయి. పాతకాలపు పనివాడి ఆవేదన అంటూ నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

మార్చి 8

వాడు తాగి పూశాడని నాన్న ఇవాళ తేల్చాడు. మా నాన్న టీ తప్ప ఏదీ తాగి ఎరగడు.

మార్చి 11

రిపోర్ట్‌లో 'నష్టానికి కారకులు' అన్న గడి ఖాళీగా ఉంది. మేడమ్ రెండుసార్లు అడిగారు. పాత రికార్డులు వెతుకుతున్నానన్నాను. అబద్ధం చెబితే నాకు చెవులు ఎర్రబడతాయి. ఆవిడ ఎండ దెబ్బ అనుకుని టోపీ పెట్టుకోమన్నారు.

మార్చి 13

సాయానికి ఇద్దరిని పెడతానంటే నాన్న వద్దన్నాడు. ఎడమ మూలకి అడ్డంగా పేర్చిన దూలాలు తీయించమని మాత్రం ఒకటే పోరు.

మార్చి 15, మధ్యాహ్నం 12

దూలాలు తీయించాను. నాన్న సుత్తి పట్టుకుని పరుగు. మేడమ్ ఆగమని కేకేశారు. అక్కడ ఒక చదరపు అడుగు సిమెంటు అలాగే ఉంచాలట. పైన అద్దం, పక్కన బోర్డు. ఎలా చెయ్యకూడదో జనం చూడాలట. ఆ మూలే ఎందుకంటే, సిమెంటులో మూడు వేళ్ల గీతలున్నాయి, ముచ్చటగా ఉన్నాయట.

ఆ గీతలు మా వంటింటి గోడ మీదా ఉన్నాయి. పని అయ్యాక పచ్చి గోడ మీద మూడు వేళ్లు లాగడం నాన్న అలవాటు.

నాన్న సుత్తి కింద పెట్టేశాడు.

సాయంత్రం 6

ఇంటికి నడిచొస్తూ తనే మొదలుపెట్టాడు. అది తన పనేనని మొదటి రోజు నుంచీ తెలుసట. ఎవరూ పోల్చుకోకముందే తన చేత్తోనే తీసెయ్యాలని వచ్చాడట. అప్పట్లో సిమెంటంటే అందరికీ మోజు. పుట్టబోయే నీకు చూపించాలనుకుంటూ పూశానమ్మాయ్ అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

మరి ఆ తిట్లేమిటన్నాను. ఎవరో తిట్టేలోపు నేనే తిట్టేసుకుంటే కాస్త తేలిగ్గా ఉంటుందన్నాడు. తాతయ్యనెందుకు తిట్టావంటే, అది వేరే సంగతిలే అన్నాడు.

ఏప్రిల్ 2

బోర్డు నమూనా ఇంటికి తెచ్చాను. 'తప్పుడు మరమ్మతు. మేస్త్రీ: తెలియదు.' నాన్న కళ్లద్దాలు పెట్టుకుని చదివి ఒంటికాలి మీద లేచాడు. తెలియకపోవడమేమిటట. ఆ సిమెంటు ఊడగొట్టడానికి తనంతటివాడికే పది రోజులు పట్టిందట, అలాంటి పనికి పేరు లేకపోతే ఎలాగట. పెన్ను తెమ్మన్నాడు.

రిపోర్ట్‌లో గడి కూడా నింపేశాను.

ఏప్రిల్ 4

మేడమ్ రిపోర్ట్ చదివారు. తర్వాత నోట్‌బుక్ తీసి, ఆ తిట్లన్నీ మొదటి నుంచీ చదువుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

ఏప్రిల్ 6

బోర్డు పెట్టారు. 'తప్పిన పని, దిద్దిన పని: మేస్త్రీ ఒక్కడే.' కింద నాన్న పేరు.

నాన్న పూసిన కొత్త సున్నంలో ఆరు గీతలున్నాయేమిటని మేడమ్ అడిగారు. మూడు నాన్నవి అన్నాను. మిగతా మూడూ ఎవరివో పాత రికార్డుల్లో వెతుకుతానన్నాను. టోపీ పెట్టుకోమన్నారు.