పరుపు మూట

అమ్మా రమణీ, అరకులో నేను బాగానే ఉన్నాను, బెంగ వద్దు. ఈ కార్డుతో పాటు జగదీష్ జీపులో వస్తున్న మూట మీ అత్తకి. లోపల ఫోం పరుపుంది. నేను కాపలా ఉండే లాడ్జీలో కొత్త పరుపులు వేసి, పాతవాటిలో మంచిదొకటి ఓనరు నాకిచ్చారు.

ముందు జగదీష్ ఎక్కించుకోనన్నాడు. "ఏటి తాతా, ఇదెక్కితే జనాలెక్కడ కూకుంటారు?" అన్నాడు. పరుపుని పెద్ద ప్లాస్టిక్ సంచిలో దూర్చి, మూతి తెరిచే ఉంచి, మనం విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టని అదిమినట్టు అవతలి చివర నుంచి మోకాళ్లతో అదుముతూ చుట్టుకొచ్చాను. సంతకొచ్చిన ఆడవాళ్లిద్దరు నవ్వుకుంటూ దానిమీద కూర్చుని సాయం చేశారు. గాలంతా పోయాక మూతి బిగించి నారతాడుతో కట్టాను. బియ్యం బస్తా అంతైంది. "నీకాడ పని నేర్సుకోవాల తాతా" అన్నాడు జగదీష్. అందరూ నావైపే చూశారు. సిగ్గేసింది గానీ బాగుంది.

తాడు కోయకు, ముడి విప్పు. పొద్దున్న విప్పితే సాయంత్రానికి పరుపు దానంతటదే పొంగుతుంది. మిరియాలు ఎండాయా? మనవరాలు గుంట బడికి పోతోందా?

మీ అత్త దీన్ని చుట్టాల కోసం దాచమంటుంది. తోటలో పడి దెబ్బతిన్న నడుముతో తను నేలమీద పడుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది కదా. ఒకసారి విప్పాక మళ్లీ అంత చిన్నగా కట్టడం మామకి తప్ప ఎవరికీ రాదని చెప్పు. నేనేమో కాఫీ కోతల దాకా రాను.

అందరూ చల్లగా ఉండండి.

మీ మామ,
సోంబరు