తోరణం చూసి వెళ్లాం

చెల్లీ ట్రౌడెల్,

మేం కులాసాగానే ఉన్నాం గాని, నాకు తల కొట్టేసినట్టుంది. నిన్న మోసెల్ నది ఒడ్డున ఒక గుమ్మానికి పచ్చటి తోరణం కనిపిస్తే, ఇక్కడ వైన్ అమ్మే ఇళ్లకు అలాంటివే కడతారు కదా అని, పెరట్లోకి వెళ్లి కూర్చున్నాం. మీ బావ ఒక ముసలావిడను పిలిచి, "ఏమమ్మా, రెండు గ్లాసులు! ముందీ బల్ల తుడువు" అన్నారు. ఆవిడ బల్ల తుడిచి, వైన్ పోసింది. అంతలో చుట్టాలు బిలబిలా వచ్చి ఆవిడ తలమీద బంగారు ఆకుల కిరీటం పెట్టారు. ఆ తోరణం ఆవిడ యాభయ్యో పెళ్లిరోజుకు కట్టిందట! మేం లేవబోతే, "కూర్చోండి నాయనా, యాభై ఏళ్లుగా నాకిది అలవాటే" అంది.

నా బీరువాలోని లేసు బల్లగుడ్డ మేం దిగిన హోటలుకు పంపు, ఆవిడకివ్వాలి. జెరేనియం మొక్కలకు నీళ్లు పోస్తున్నావా? పిల్లలకు ముద్దులు.

ఇవాళ పొద్దున హోటల్లో ఫలహారం దగ్గర మీ బావ మా బల్ల తనే తుడిచారు, నావైపు చూడకుండా.

అక్క గెర్లిండె