చెప్పుల కావలి

జూన్ 1, ఆదివారం

చర్చి నుంచి వచ్చి పప్పుచారు పొయ్యి మీద పెట్టిన. అది మసిలేలోపల రాస్తున్న.

ఇవాళ సుత మా ఆయన గేటు బయటనే కూసున్నడు. ప్రతి ఆదివారం మల్కాజ్‌గిరి నుంచి మౌలాలి దాకా నన్ను స్కూటీ మీద తీస్కపోతడు. నేను లోపలికి పోత. ఆయన కానుగ చెట్టు కింద అరుగు మీద కూసుంటడు. నిరుడు క్రిస్మస్ నాడు ఎవడో చెప్పులు ఎత్తుకపోయిండు, అప్పటి సంది చర్చి చెప్పులకు ఈయననే కావలి. ఎవరూ పెట్టలే ఈ డ్యూటీ, ఆయనకాయనే పెట్టుకున్నడు. ఇప్పుడు అందరూ ఆయనను పేరు పెట్టి పిలిచి, బ్రహ్మచారి అన్నా జెర చూడు అనుకుంట ఆయన ముందట విడిచి పోతరు.

స్పీకర్ బయటికే ఉంటది, ప్రసంగం మొత్తం ఇంటడు. వచ్చేటప్పుడు సిగ్నల్ కాడ అంటడు గదా, రిచర్డ్ అయ్యగారు ఇవాళ సగం అయినంక చెప్పిందే చెప్పిండట. రెండో పాటల నేను రాగం తప్పిననట. పాడేది నేను, తప్పులు పట్టేది ఈయన!

ప్రభువా, నాది ఒక్కటే అర్జీ. అరుగు మీది నుంచి లోపలికి నాలుగు అడుగులు. నీకు అదొక పనా?

జూన్ 4

సువార్త పుస్తకం చిన్నది ఒకటి ఆయన వడ్రంగి పనిముట్ల సంచిల పెట్టిన. రంపం పక్కకే, కనవడేటట్టు.

సాయంత్రం అది నా కుట్టుమిషన్ సొరుగుల ఉంది. ప్లాస్టిక్ కవర్ తొడిగి ఉంది. పొట్టు, జిగురు అంటుకొని ఖరాబైతది, మంచి పుస్తకం గదా, నీ తాననే ఉంచుకో అన్నడు. ఏమనాలె ఈ మనిషిని? కోపం రాలే, నవ్వొచ్చింది.

జూన్ 7

చీరలకు ఫాల్ కుట్టుడు నా పని. ఒక్కో చీర కుడుతుంటే అది కట్టుకునే ఆమె కోసం ప్రార్థన చేస్త. ఎవరికీ చెప్పను. ఆడబిడ్డ రాధికకు మాత్రం తెలుసు. బోనాలకు కట్టేటి చీర ఇచ్చి, వదినే, అంచు పొడుగుంది, మా పిల్లగాని నౌకరీ గురించి సుత జెర కలుపు అని చెప్పి పోయింది. నవ్వుకుంటనే కలిపిన. ఆమె దండం ఆమెది, నా ప్రార్థన నాది. మాకెన్నడు లొల్లి కాలే.

మా ఆయన చీరలు కట్టడు గదా. అందుకే నిన్న ఆయన తోలుచెప్పు పట్టీ తెగితే నేనే కుట్టిన. నల్లదారం అయిపోయింది, రాధిక చీరది పచ్చదారమే పెట్టి కుట్టిన. పట్టీకి ఎన్ని కుట్లో అన్ని మాటలు దేవునికి చెప్పిన. పచ్చదారమేందని ఆయన కిందికి మీదికి చూసి, తొడుక్కొని పోయిండు.

జూన్ 10

పాస్టరమ్మ దేవకృపమ్మ ఫోన్ చేసింది. బ్రహ్మచారి తమ్ముని కోసం స్త్రీల టీమ్ అంతా ఇంటికొచ్చి ప్రార్థన చేస్తమని. ఆయనకు చెప్పొద్దట, సర్‌ప్రైజ్ అట. వద్దు అనాలనిపించింది. అనలే. నిజం రాస్త: నాకు సుత ఆశ పుట్టింది.

జూన్ 12, రాత్రి

ఏం చేసిన నేను. ఏం చేసిన.

ఆయన అన్నం తింటుండు. గోంగూర పచ్చడి, ఆయనకు పానం. అప్పుడే వచ్చిన్రు అందరు. కూసో తమ్ముడూ, లేవకు అనుకుంటనే చుట్టూ నిలవడి నెత్తి మీద చేతులు పెట్టిన్రు. దేవకృపమ్మ, యేసయ్య సుత వడ్లపనే చేసిండు తమ్ముడూ అని కొత్త ముచ్చట చెప్పినట్టు చెప్పింది. నేను మొదటిసారి చర్చికి పోతనన్ననాడు నవ్వుకుంట ఆ మాట అన్నదే ఆయన! వడ్లపని చేసినాయన తానకే గదా పోయేది, మనోడే, పో అని.

ఇగ షురూ చేసిన్రు. ఈ మనిషిని చీకట్ల నుంచి గుంజు ప్రభువా, ఈ రాతిగుండెను పగలగొట్టు ప్రభువా అని ఒకటే కేకలు. పక్కింటోళ్లు కిటికీల కెల్లి చూస్తున్నరు. ఆయన చేతికి అన్నం ఎండిపోయింది. లేవలే. ఇంటికొచ్చినోళ్ల ముందు లేచి పోతే మర్యాద కాదని గట్లనే తల వంచుకొని కూసున్నడు. అంత అయినంక చెయ్యి కడుక్కొని, అందరికి చాయ్ పెట్టు అని నాతోని అని తన చెక్కపని దుకాణానికి పోయిండు. కంచంల అన్నం అట్లనే ఉంది.

ఇందాక పండుకునేటప్పుడు ఒక్కటే మాట అడిగిండు. నేను చీకట్ల ఉన్నని వాళ్లకు నువ్వే చెప్పినవా అని.

చెప్పిన. ప్రార్థన కూటంల, అందరి ముందట, ఏడ్చుకుంట చెప్పిన. పొద్దుగాల లేచి ఉలికి రంపానికి బొట్టు పెట్టి, ఒకరికి అన్యాయం చెయ్యకుండ బతికే మనిషిని పట్టుకొని.

నేను లేచొచ్చి ఇది రాస్తున్న.

జూన్ 15, ఆదివారం

మూలమలుపు కాడనే దించిండు. గేటు దాకా రాలే. ఫోన్ చెయ్, వస్త అన్నడు.

అరుగు ఖాళీ. లోపల ఏం పాడిన్రో ఏం చెప్పిన్రో నాకు తెల్వది.

బయటికొచ్చేసరికి దేవకృపమ్మ కొత్త చెప్పులు లేవు. వానల ఒట్టికాళ్లతోని, చీర ఎత్తి పట్టుకొని పోతుంటే నవ్వొచ్చింది. క్షమించు ప్రభువా. మస్తు నవ్వొచ్చింది.

జూన్ 16

చెప్పిన ఆయనకు. తప్పైంది, నీ గురించి గట్ల అనకపోవాల్సింది అన్న. పోనీ తియ్ అన్నడు. పోలే అని మొఖం చూస్తే తెలుస్తుంది.

ఇగ ఈ ముచ్చట ఆయన ముందు ఎత్తను. పుస్తకాలు పెట్టను. ఎంత పరేషాన్ అయినా దేవునితోనే చెప్పుకుంట. నా నోటికి ఇదెంత కష్టమో మా కల్పలతను అడిగితే చెప్తది. కడుపుల పుట్టిన బిడ్డనే ఫోన్ల నవ్వింది, అమ్మా, నువ్వా, నోరు మూసుకునుడా అని.

జూన్ 24

రిచర్డ్ అయ్యగారు దుకాణానికి వచ్చిన్రట. ఒక్కరే. మా ఆయననే చెప్పిండు, అన్నం తినుకుంట. అయ్యగారు చెక్క దుంగ మీద కూసొని, మావోళ్లు నీ అన్నం చెడగొట్టిన్రు, మాఫ్ చెయ్యమన్నరట. చాయ్ తాగిన్రట. పోయేటప్పుడు ప్రార్థన చేద్దమా అని అడిగితే ఈయన వద్దన్నడట. సరే అని చెయ్యి కలిపి పోయిన్రట.

వద్దంటే ఊకున్నడే, మంచి మనిషి అన్నడు. పచ్చడి ఇంకింత ఏస్కున్నడు.

జూన్ 29, ఆదివారం

మళ్ల మూలమలుపు కాడనే.

జూలై 5

దుకాణంల ఏందో చేస్తుండు. పాత తలుపుల టేకు చెక్క బయటికి తీసిండు. మీ చర్చిల ఆడోళ్లు ఎక్కువనా మగోళ్లా అని అడిగిండు. అయ్యగారి కాలు పెద్దదా అని సుత అడిగిండు! ఎందుకని నేను అడగలే. నాలుక కొరుక్కొని చిక్కుడుకాయ తుంచిన.

చెక్క చిత్రిక పట్టుకుంట కూనిరాగం తీస్తుండు. మా చర్చి పాటనే. రాగం తప్పలే.

జూలై 13, ఆదివారం

బోనాలు. పొద్దున నేను చర్చికి, సాయంత్రం ఆయన రాధికోళ్ల ఇంటికి. ఆడబిడ్డ పచ్చచీరల మెరిసిపోయిందట. పిల్లగానికి ఇంటర్వ్యూ పిలుపొచ్చిందట. నీ ఫాల్ మంచిగ పనిచేసిందని చెప్పమన్నదట. ఆయననే చెప్పి నవ్విండు. మేమిద్దరం కలిసి నవ్వి ఎన్ని దినాలైందో.

జూలై 20, ఆదివారం

ట్రాలీ ఆటోల చెప్పుల స్టాండ్ వచ్చింది! చర్చి వరండల గోడ పొడుగూతా. అరలు, ముందట తీగల జాలి తలుపులు, వాటికి గొళ్లెం. వాన పడదు, దొంగ పడడు. కింది అరలు పొట్టిగ, పిల్లలకు అందేటట్టు. మా ఆయన ప్రార్థన అయ్యేదాక బయట గోడకు స్క్రూలు బిగించుకుంటనే ఉన్నడు.

దేవకృపమ్మ కండ్ల నీళ్లు పెట్టుకుంది. మైక్‌ల పేరు చెప్తనంటే ఈయన ససేమిరా వద్దన్నడు. వానల చెప్పులు నానుతున్నయి, అందుకే చేసిన, ఇంకేం లేదన్నడు.

ఇప్పుడు కావలితోని పనేముంది? ఈ సంతోషంల నాకు ఆ భయం సుత పట్టుకుంది. ఇగ గేటు కాడికి సుత ఎందుకొస్తడు?

జూలై 27, ఆదివారం

గేటు దాకా వచ్చి దించిండు. నేను పాటలు పాడెటోళ్లతోని ముందటి వరుసల కూసున్న. బయటికొచ్చి చూస్తే అరుగు ఖాళీ. మళ్ల విడిచిపెట్టి పోయిండని మస్తు కోపమొచ్చింది.

నా చెప్పుల కోసం జాలి తలుపు తీసిన. పై అరల, ఎడమ మూలకు, తోలుచెప్పుల జత. పట్టీకి పచ్చదారం.