వంతెన దగ్గర మందు సీసా

కర్నూలు, 1955, శుక్రవారం

ఆంధ్రలో మద్యనిషేధం. అవ్వ దగ్గుమందులో కాస్త సారా ఉంటుందని, పోలీసులు అడిగితే చూపించమని నది అవతలి రాష్ట్రంలోని ఆలంపూర్ డాక్టరు చీటీ రాసిచ్చాడు, అదీ అక్కడి సర్కారు భాష ఉర్దూలో. దారంతా నాకు అదే బెంగ.

అనుకున్నట్టే తుంగభద్ర వంతెన దాటగానే బస్సు ఆపారు. పోలీసు చీటీని తిప్పి తిప్పి చూశాడు. "ఇదేం రాతయ్యా? ఈడ ఎవురు చదవాల?" అంటూ సీసా మూతి నోట్లో పెట్టుకుని గుటకేశాడు. మీసం తుడుచుకుని పొమ్మన్నాడు. దండం పెట్టి బస్సెక్కాను.

ఇంటికొచ్చి అవ్వకు జరిగిందంతా చెప్పాను. సీసా మూతిని ఎన్నిసార్లు కడిగినా వాడి జర్దా వాసన పోలేదు.  వేరే మందు లేదు. అవ్వ మాత్రం మెల్లగా తాగేసింది.

"ఎంగిలైతే ఏమాయె బిడ్డా. గా పోలీసోనికి దండమెందుకు పెట్టినవ్?"