పేరు చెప్పని సోర్సు

ప్రియమైన శ్రీవారికి,

ఉత్తరమేమిటని కంగారు పడకండి. పడాల్సిందే గానీ, ముందు కూర్చుని చదవండి. ఇక నాకు ఫోన్ చెయ్యొద్దు. మా ఊరి నీళ్ల మీద మీ పేపర్లో మీరు రాసిన వార్త వచ్చిన రోజే మా వాటర్ వర్క్స్ మేనేజరు అందరి ఫోన్లూ బల్ల మీద పెట్టించి, ఎవరు ఎవరితో మాట్లాడారో చూశాడు. మీరు ప్రెస్సులో పనిచేస్తారంటే పెళ్లి కార్డులు అచ్చేసే ప్రెస్సనుకున్నాడు కాబట్టి బతికిపోయాను.

అయినా ఆ ఎర్ర బకెట్ సంగతి ఎందుకు రాశారండీ? క్లోరిన్ కలిపే మిషను పాడైందని రాస్తే చాలదూ? పిడి ఊడిన బకెట్‌కి తాడు కట్టి, బ్లీచింగ్ పొడి అందాజుగా పోస్తున్నారని మీతో నవ్వుతూ చెప్పింది నేను. ఆ మిషను గదిలోకి వెళ్లేది ఇద్దరమే. ల్యాబ్‌లో పనిచేసే నేను, మిషను చూసే ముసలాయన, అదే మేమంతా తాతయ్య అని పిలిచేవాడు. మేనేజరు సరిగ్గా ఆ వాక్యం కిందే గీత గీశాడు.

జవాబు మా అక్క ఇంటికి రాయండి.

మీ చిట్టి

*

ప్రియమైన చిట్టికి,

బుద్ధి గడ్డి తిని రాశాను. చదివేవాడి కళ్లకు కట్టాలని మా ఎడిటర్ గారు చెవిలో జోరీగలా పోరుతుంటారు. అది తలకెక్కింది.

కానీ భయపడకు. మా ఆఫీసులో సోర్సు అనే మాట ఎన్ని రకాలుగా వాడతారో తెలిస్తే నవ్వుతావు. ఎడిటర్ గారు "సోర్సుందా?" అంటే రుజువు చూపించమని. సీనియర్లు "నా సోర్సు" అంటూ కాలర్ ఎగరేస్తే, అది టీకొట్టు దగ్గర విన్న మాట. "సోర్సులు చెబుతున్నాయి" అని టీవీ వాళ్లంటే, సగంసార్లు చెప్పేవాడి ఊహే. ఎవరన్నా గుచ్చి అడిగితే "సోర్సు చెప్పకూడదండీ" అని తప్పించుకోవడానికీ అదే మాట. ఇంత గందరగోళంలో నిన్నెవడు పట్టుకుంటాడు?

పాపకి నీళ్లు కాచి ఇస్తున్నావు కదా?

నీ పేపరాయన

*

ప్రియమైన శ్రీవారికి,

చదివి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఇన్నిట్లో నేనేదండీ? టీకొట్టునా, ఊహనా? మా దగ్గర సోర్సంటే చెరువు. దాన్నెవరూ గదిలోకి పిలిచి తలుపెయ్యరు.

పాపకి కాచే ఇస్తున్నాను. మేనేజరు ఆటోకి మైకు కట్టించి, నీళ్లు శుభ్రంగా ఉన్నాయి, పుకార్లు నమ్మొద్దని వీధి వీధీ తిప్పాడు. జనం నమ్మేశారు. పక్కింటి బాలింత ఆ నీళ్లలోనే పాలపొడి కలుపుతోంది. కాచుకోమ్మా అని ఒక్క మాట అంటే, నీకెలా తెలుసు అంటుందేమోనని తలుపేసుకుంటున్నాను. మొన్న పసివాడికి వాంతులూ విరేచనాలూ. ఆస్పత్రిలో పెట్టారు.

తాతయ్యని పనిలోంచి తీసేశారు. వార్త అబద్ధమని, మతి చెడిన ముసలాడు పుట్టించాడని మీ పేపరుకి ఖండన పంపుతున్నారట. ఏం చెయ్యమంటారు?

మీ చిట్టి

*

ప్రియమైన చిట్టికి,

ఖండన వచ్చింది. సోర్సు పేరు పెట్టుకుని ముందుకొస్తే సరే, లేకపోతే వార్త తప్పని మనమే వేసుకోవాలి అన్నారు ఎడిటర్ గారు. రారండీ, అన్నాను. మా ఆవిడేనని చెప్పలేదు, చెప్పను. నా ఉద్యోగం పోతే పోనీ.

నువ్వు మాత్రం నోరు విప్పకు. నీ మొండితనం తెలిసే చేతులు జోడించి అడుగుతున్నాను. మీ వాటర్ వర్క్స్ కాంట్రాక్టు తీసుకున్నవాడు మంచివాడు కాదు. వాడి గురించి ఇంతకుముందు రాసిన మా వాణ్ని కొట్టించాడు. పాపం, ఇప్పటికీ కుంటుతూనే ఉన్నాడు. పాపని తీసుకుని అక్క ఇంటికి వెళ్లిపో. తాతయ్య సంగతి నేనేదో ఒకటి చూస్తాను. ఒట్టు.

నీ పేపరాయన

*

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం ఆలస్యంగా అందిందని అబద్ధమాడబుద్ధి కావడం లేదు. చదివాకే తాతయ్య ఇంటికి వెళ్లాను.

"రా తల్లీ," అన్నాడు. "మెట్ల కింద నిలబడి నువ్వు మీ ఆయనకి ఫోన్లో బకెట్ సంగతి చెప్పి నవ్వడం విన్నాలే. వాళ్లడిగితే నేనే చెప్పానన్నాను. చంటిపిల్ల తల్లివి, నీకెందుకీ గొడవ? వెళ్లు, వెళ్లి అన్నం తిను."

తిరిగొచ్చేసరికి పక్కింటి ముందు జనం. పసివాడు దక్కలేదండీ.

ఆవిడ నన్ను చూసి, "నువ్వక్కడే పనిచేస్తావుగా అక్కా, నీళ్లు బాగానే ఉన్నాయి కదూ?" అంది. బాగాలేవు, నాకు ముందే తెలుసు అన్నాను, అందరి ముందూ. చెంప మీద కొట్టింది. కొట్టనిచ్చాను. అక్కణ్నుంచి తిన్నగా మేనేజరు గదికి వెళ్లి, చెప్పింది తాతయ్య కాదు, నేను అన్నాను.

పాపని అక్క దగ్గర దింపాను. వీధి చివర ఎవడో బండి మీద కూర్చుని పొద్దున్నుంచీ మన గుమ్మం వైపే చూస్తున్నాడు. చచ్చేంత భయంగా ఉంది. నా అక్షరాలు చూస్తే మీకే తెలుస్తుంది.

ఈ ఉత్తరం ఎడిటర్ గారి చేతిలో పెట్టి, మీరు వెంటనే బయల్దేరి రండి. ఈసారి సోర్సూ గీర్సూ అని రాయొద్దు. ఎర్ర బకెట్ మళ్లీ రాయండి, తాడుతో సహా. పసివాడి పేరేమిటని మీవాళ్లు అడుగుతారు. వాడికింకా పేరు పెట్టలేదు. నా పేరు వెయ్యండి, ఇంటిపేరుతో సహా.

మీ చిట్టి