పెట్రోల్‌ది తప్పు కాదు

షాద్‌నగర్,
3 అక్టోబర్ 2023, మంగళవారం.

చెల్లె ఎస్తేరుకు,

అన్న డేవిడ్ రాస్తున్నాను. నువ్వు, నర్సింహ బావ, పిల్లలు మక్తల్‌లో చల్లగా ఉండాలని మీ వదిన గ్లోరీ రోజూ ప్రార్థనలో మీ పేర్లు చదువుతుంది. నేను పక్కన మోకరించి వింటాను. నా నోటితో మీ పేర్లు పలికి చాలా రోజులైంది. కవరు మీద నా రాత కనిపిస్తే పొయ్యిలో పెడతావని చిరునామా గ్లోరీతో రాయించాను. అది కూడా మోసమే. ఎట్లాగూ విప్పావు కాబట్టి కోపంతోనైనా చివరిదాకా చదువు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మెకానిక్ షెడ్డును బైపాస్ రోడ్డు పక్కకు మార్చాను. పక్కింటి బిక్షమ్మ అత్తకు మోకాళ్లు పట్టేశాయి, అయినా నీ సంగతి అడగని రోజు లేదు. మీ దిక్కు వానలు సరిగా లేవని విన్నాను. కంది ఎట్లా ఉంది?

మొన్న ఆదివారం గుడిలో ప్రభు బల్ల. పాస్టర్ అయ్యగారు రొట్టె విరిచే ముందు, తోడబుట్టినవాళ్లతో సమాధానం లేనివాళ్లు ముందు పోయి ఆ పని చూసుకోండి అన్నారు. ప్రతి నెలా అనే మాటే. మొన్న మాత్రం పళ్లెం నా దగ్గరికి వస్తే రొట్టె తీసుకోలేదు. పక్కవాళ్లకు అందించేశాను. గ్లోరీ చూసింది. ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ, "ఎస్తేరుకు ఒక ఉత్తరం రాయరాదుండ్రి" అన్నది. అంతే అన్నది.

ఆ కారు సంగతి మళ్లీ మొదటినుంచి రాస్తాను. నీకు సగమే తెలుసు.

2017 ఎండాకాలం. విజేందర్ సార్ దగ్గర ఇరవై ఏళ్లనాటి ఎర్ర కారు ఉండేది. టర్బో ఇంజన్, ఆ కాలంలో రేసులకు పనికొచ్చేంత వేగం. సార్‌కు అదంటే ప్రాణం. ఒకరోజు షెడ్డుకు వచ్చి, "ఖరీదైన పెట్రోల్ పోస్తే పాత బండికి ఏమన్న లాభముంటదా డేవిడ్?" అని అడిగాడు. అప్పుడు చుట్టూ నలుగురు ఉన్నారు. తెలిసినంత చెప్పి ఊరుకోవచ్చు. నేనేమో, "పోసి చూడుండ్రి సార్, వయసు పిల్లగాని లెక్క ఉరుకుతది" అన్నాను. "మా చెల్లె బంకుల పని చేస్తది, ఆమె దగ్గర్నే పోయించుకోండ్రి" అని కూడా నేనే పంపించాను.

నిజమేంటంటే ఎస్తేరూ, ఆ పెట్రోల్ బలం మందు కాదు. ఇంజన్ వేడికి, ఒత్తిడికి తొందరపడి అంటుకోదు, అంతవరకే దాని గుణం. అట్లాంటి పెట్రోల్ కోసమే తయారైన కారుకు అది పోయాలి, లేకపోతే లోపల డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు చప్పుడొస్తుంది. మామూలు పాత కారుకు పోస్తే ఏమీ కాదు. సార్ కారుకు అది కావాల్సిందే. కానీ ఉన్న కారును అది పిల్లవాణ్ని చెయ్యదు.

రెండు వారాలు పోయించి సార్ మళ్లీ వచ్చాడు. "ఏం ఫరక్ కనిపిస్తలేదు. నువ్వు గట్ల చెప్తివి" అన్నాడు. నలుగురిలో అన్న మాట. నాకు తల కొట్టేసినట్టైంది. ఇంజన్‌లో నిప్పు ఎప్పుడు పడాలో చెప్పే డిస్ట్రిబ్యూటర్‌ను కొంచెం ముందుకు తిప్పాను. మంచి పెట్రోల్ ఉంటే కొంత తట్టుకుంటుంది, పికప్ పెరుగుతుంది. పెరిగింది కూడా. సార్ రోడ్డు మీద ఒక చుట్టు కొట్టి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

మరుసటి శనివారం నీ దగ్గర ట్యాంకు నిండా పోయించుకుని, భార్యతో ఆలంపూర్ బయలుదేరాడు. కొత్తకోట దాటినాక బండి నిలిచిపోయింది. లారీ మీద నా షెడ్డుకు తెచ్చారు. విప్పి చూస్తే పిస్టన్‌కు రంధ్రం. ఎట్లా అయిందని సార్ అడిగాడు. పెట్రోల్ అన్నాను.

నీ మీద కోపంతో అనలేదు. మంచి పెట్రోల్ అయితే తట్టుకోవాలి, తట్టుకోలేదంటే అది మంచిది కాదు, అని నాకు నేను చెప్పుకున్నాను.

బంకులో మేనేజర్ పరశురాం సార్ ముందు నువ్వు నిలబడ్డావు. "ప్రీమియమే పోసిన సార్. ఈ చేతులతోనే పోసిన. నా బిడ్డల మీద ఒట్టు" అన్నావు. మామూలుది పోసి ఎక్కువ ధర తీసుకున్నావని విజేందర్ సార్ అంటూనే ఉన్నాడు. మేనేజర్ నా దిక్కు తిరిగి, "ఆమె అన్నవు నువ్వు, మెకానిక్‌వి కూడ నువ్వే. నువ్వే చెప్పు" అన్నాడు.

"పెట్రోల్‌లనే తేడా ఉన్నది సార్" అన్నాను.

నువ్వు నల్లా దగ్గరికి పోయి ముఖం కడుక్కుని వచ్చావు. మేనేజర్, "సొంత అన్ననే చెప్పినంక నేనేం చేయాలమ్మా, రేపటిసంది రాకు" అన్నాడు. చీర మీద తొడుక్కున్న బంకు కోటు విప్పి, మడతపెట్టి టేబుల్ మీద పెట్టావు. నన్ను దాటిపోతూ, "మంచిగ చెప్పినవ్ అన్నా" అన్నావు. ఆ తర్వాత నీ నోటినుంచి నేను మాట వినలేదు.

బస్తీలో నిన్ను కల్తీ ఎస్తేరు అన్నారు. మీ అత్త ప్రమీలమ్మ చుట్టాల ముందే దొంగచేతులని దెప్పిపొడిచిందని విన్నాను. మీరు ఇల్లు ఖాళీ చేసి బావ ఊరికి పోయే రోజు నేను షెడ్డులోనే ఉన్నాను, పని లేకపోయినా. అమ్మను సమాధి చేసిన రోజు వచ్చావు. మట్టి వేశావు. దాహమైతే బిక్షమ్మ అత్త ఇంట్లో నీళ్లు తాగి, అట్లనే బస్సెక్కావు.

పోయిన నెల అట్లాంటిదే ఒక పాత కారు నా దగ్గరికి వచ్చింది. దాన్ని విప్పి చూసినప్పుడు తెలిసింది, నేను ఆనాడు తిప్పింది చాలా ఎక్కువ అని. ఏ పెట్రోల్ పోసినా ఇంజన్ తట్టుకునేది కాదు. విజేందర్ సార్‌కు ఫోన్ చేసి, తెలియక చేసిన తప్పు నాదేనని చెప్పాను. కారును ఎప్పుడో పాత సామానుకు అమ్మేశాడట. "పాత ముచ్చట ఇడిసిపెట్టు డేవిడ్" అన్నాడు. "ఇంతకు గా అమ్మాయి పేరేముండె?" అని అడిగాడు. నీ పేరు చెప్పి ఫోన్ పెట్టేశాను.

నువ్వు రమ్మంటే మక్తల్ వస్తాను. మీ అత్త ముందు, మీ వాడ ముందు చెప్తాను. వద్దంటే రాను. చెల్లె, నన్ను క్షమించు.

అన్న అని రాసుకోవడానికి సిగ్గుపడుతూ,
డేవిడ్

తా.క. అంటించిన కవరు మళ్లీ చింపాను. పైన క్షమించమని రాసిన మాట పక్కకు పెట్టి, ముందు ఇది చదువు.

పోయిన నెల నా దగ్గరికి ఏ కారూ రాలేదు. లారీ మీద బండి వచ్చిన రోజునే, విజేందర్ సార్ షెడ్డుకు రాకముందే, బానెట్ ఎత్తి చూడగానే, నేను తిప్పినందుకే ఇంజన్ పోయిందని నాకు అర్థమైంది. బోల్టు వదులు చేసి, డిస్ట్రిబ్యూటర్‌ను ఉండాల్సిన చోటికి తిప్పి, బిగించి, చేతులు తుడుచుకున్నాను. ఆ తర్వాతే సార్‌తో కలిసి బంకుకు వచ్చాను. తెలియక చేశానని సార్‌కు చెప్పింది కూడా అబద్ధమే. ఇవాళ మళ్లీ ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఇంకొకటి నీకు ఎవరూ చెప్పి ఉండరు. నువ్వు నల్లా దగ్గరికి పోయినప్పుడు మేనేజర్, "శనివారం ప్రీమియం పైపులకెళ్లి ఎంత పోయిందో రీడింగ్ రాసి ఉంటది, ఒకసారి చూద్దాం పా" అని కుర్చీలోంచి లేచాడు. "ఎందుకు సార్, ఇంటి పరువు ఇంకింత బజార్ల పడుతది" అని నేనే ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. నేను చెల్లెలి పరువు కాపాడుకుంటున్నానని ఆయన అనుకుని, పాపం నా భుజం తట్టాడు. నువ్వు కొంగుతో ముఖం తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి, డ్యూటీ పుస్తకంలో నీ పేరు కొట్టేస్తున్నాడు.